గుప్తదానానికి ఎన్ని మార్కులు?

పల్నాటి నడికుడి జంక్షన్‌లో మాచర్ల బండి కోసం ఏప్రిల్ మధ్యాహ్నం ఒక్కసారి కూచోండి. ఆ దారిలోనే రెంటచింతల. అక్కడి ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. స్టేషన్ బయట చలివేంద్రంలో ఓ కుర్రాడు, మిరపకోతకు పోయొస్తున్న అవ్వకు చెంబుతో నీళ్లు పోస్తాడు. ఆమె దోసిలి పట్టి తాగి, "సల్లగుండు నాయనా" అని మూట ఎత్తుకుంటుంది. పనైపోయింది.

అయిపోతే ఎలా? ఎందుకు పోశాడో తేలొద్దూ!

అది తేల్చడానికి 2002లో అమెరికా మనస్తత్వవేత్తలు గుస్తావో కార్లో, బ్రాండీ రాండల్ ఓ కొలబద్ద తయారుచేశారు. 23 వాక్యాలు. ఒక్కోటి తనకెంత నప్పుతుందో కాలేజీ పిల్లలే 1 నుంచి 5 దాకా అంకె వేసుకోవాలి. సాయం ఆరు రకాలట: నలుగురూ చూస్తుంటే చేసేది, ఎవరికీ తెలియకుండా చేసేది, అడిగితే చేసేది, మనసు కరిగి చేసేది, ఆపదలో ఆదుకునేది, ఏమీ ఆశించనిది.

నాకు రెండోది తెగ నచ్చింది. ఎవరికీ చెప్పకుండా సాయం చేస్తానని కాగితం మీద రాసివ్వాలి! గుప్తదానం చేసి గుళ్లో పాలరాతి పలక వేయించుకోవడం మనకు కొత్తేం కాదు గానీ, దాన్ని శాస్త్రం అనడం మాత్రం కొత్తే.

ఆరో రకం ఇంకా సొగసు. మంచిపేరు కోసమే చేస్తావా అని అడుగుతారు. అవునంటే నిస్వార్థంలో మార్కులు కోత. ఎంట్రన్సు బిట్లతో పండిపోయిన మన పిల్లలకు ఏ గడిలో టిక్కు పెట్టాలో ఒకరు చెప్పాలా? నిజం రాసిన వెర్రిబాగులవాడు స్వార్థపరుడు, అబద్ధం రాసిన గడుసువాడు మహాత్ముడు.

మనమూ తక్కువ తినలేదు. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ నినాదం 'నేను కాదు, నువ్వు'. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం అయితే సర్టిఫికెట్. దానిమీద పేరు మటుకు 'నేనే'. అయినా అదే నయం. గంటలు లెక్కపెడతారు గానీ గుండెలో చెయ్యిపెట్టి తడమరు.

ఈ పల్నాటిలోనే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకుంటాం. ధర్మం కోసమా, రాజకీయం కోసమా? పండితులు తేల్చుకోనీ. చాప మీద కూచున్నవాడి ఆకలి తీరింది. ఆ 23 వాక్యాల్లో ఎంత వెతికినా కనబడనిది వాడే. నీళ్లు పోసినవాణ్ణి అడుగుతారు; తాగిన అవ్వకు గడే లేదు.

ప్రశ్నపత్రాలతో వచ్చే అయ్యలకు మనవి: పన్నెండింటికే రండి. ముందు కుర్రాడు పోసే నీళ్లు తాగండి. కాగితాలు గాలికి ఎగురుతున్నాయని మాత్రం వాటిమీద ఆ చెంబు పెట్టకండి. దానికి పనుంది.