కాలిమాటికి ఒక టికెట్టు

జంషెడ్‌పూర్‌కి రైల్లో వెళ్లాలంటే జంషెడ్‌పూర్ అనే స్టేషనుండదు. టాటానగర్‌లో దిగాలి. రైల్వే పుస్తకంలో దాని కోడు టాటా. సిక్కోలు నుంచి వచ్చే మావాళ్లు ఊరినీ, స్టేషన్నీ, కంపెనీనీ కలిపి ‘టాటా’ అనేస్తారు. ‘మావాడు టాటాలో ఉన్నాడు’ అంటే ఊళ్లోనా, ఉద్యోగంలోనా అన్నది పెళ్లిచూపుల నాటికి తేలుతుంది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. సాక్చీలో కాలిమాటి రోడ్డు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు కౌంటర్లో కాలిమాటికి టికెట్టు అడిగితే గుమాస్తా కళ్లజోడు తీసి మరీ చూస్తాడు.

ఒక్క చోటికి ఇన్ని పేర్లు వాడుకుంటూ పెరిగాం కనక యూనిక్సులో సింబాలిక్ లింకు మాకు పుట్టుకతో వచ్చేయాలి. రాలేదు. కదమాలో మా పక్కింటి కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఓ ఆదివారం లాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చాడు.

“బాబాయ్, మ్యాథ్స్ నోట్సు ఫోల్డరుకి డెస్క్‌టాప్ మీద లింకు పెట్టాను. తెరుచుకోవట్లేదు. పైగా సైజు 11 బైట్లే చూపిస్తోంది. సెమిస్టరంతా రాసింది ఏమైపోయినట్టు?”

ఏమీ అవలేదు. లింకు లోపల నోట్సుండవు, వాటి చిరునామా ఉంటుంది. వీడు రాసిన చిరునామా ‘నోట్స్/మ్యాథ్స్’. ఇంగ్లీషులో అయిదక్షరాలు, ఒక గీత, మళ్లీ అయిదక్షరాలు: మొత్తం 11. ఆ సైజు చిరునామా పొడవు. లింకుని ‘ఆర్ఎమ్’తో చెరిపేసినా నోట్సుకి ఢోకా లేదు. నోట్సు చెరిపితే మాత్రం కాలిమాటి టికెట్టే.

మరి తెరుచుకోదేం? వాడు హోమ్ డైరెక్టరీలో కూర్చుని, లింకు పెట్టే కమాండు ‘ఎల్ఎన్ -ఎస్’ కొట్టాడు. అక్కణ్నుంచి చూస్తే ‘నోట్స్/మ్యాథ్స్’ కళ్లెదుటే ఉంది. లింకేమో డెస్క్‌టాప్‌లో పడింది. సిస్టమ్ ఆ చిరునామాని లింకున్న చోటి నుంచి చదువుతుంది, మనం కూర్చున్న చోటి నుంచి కాదు. డెస్క్‌టాప్‌లో నోట్స్ అనే ఫోల్డరే లేదాయె. బిష్టుపూర్‌లో నిలబడి ‘రామమందిరం వెనక సందు’ అంటే ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమని ఎవరైనా చూపిస్తారు. అదే చీటీ సిక్కోలులో చూపిస్తే వాళ్ల రామాలయం వెనక్కి పంపిస్తారు. తప్పు వాళ్లది కాదు కదా!

“అలాంటప్పుడు పెట్టేటప్పుడే చెప్పాలిగా, బాబాయ్?”

చెప్పదు. గమ్యం ఉందో లేదో చూసుకోవడం ‘ఎల్ఎన్ -ఎస్’ పని కాదు. లేని ఊరికైనా నిక్షేపంగా లింకు వేసి ఊరుకుంటుంది. ఒక్కోసారి ఫైలు తర్వాత వస్తుంది, లింకు ముందే కావాలి. అందుకని ఈ ఉదాసీనత నాకు సబబుగానే తోస్తుంది. వాడికి తోచలేదు.

మందు చిన్నదే. చిరునామా ముందు రెండు చుక్కలూ గీతా పెట్టి ఒక మెట్టు పైకెక్కించాలి; లేదా మూలం నుంచి పూర్తి దారి రాయాలి. లినక్సులో అయితే ‘-ఎస్’ పక్కన ‘ఆర్’ చేర్చి ‘-ఎస్ఆర్’ అంటే ఆ లెక్కేదో అదే వేసుకుంటుంది. 2012 నుంచీ ఉన్న సౌకర్యం. మా కుర్రాడి కాలేజీలో ఇంకా దిగినట్టు లేదు.

నోట్సు తెరుచుకున్నాయి. కుర్రాడికి హుషారొచ్చి అదే లింకుని ఈ సెమిస్టర్ ఫోల్డరుకి తిప్పబోయాడు. మళ్లీ ‘ఎల్ఎన్ -ఎస్’ కొట్టాడు. సిస్టమ్ తప్పుపట్టలేదు, కేకవేయలేదు, పాత నోట్సే తెరుచుకుంటున్నాయి. కొత్త లింకు వెళ్లి పాత ఫోల్డరు కడుపులో కూర్చుంది! ఫోల్డరుకి పెట్టిన లింకుని తిప్పాలంటే ‘-ఎస్ఎఫ్ఎన్’ అనాలి. ‘ఎఫ్’ పాతదాన్ని తీసేస్తుంది, ‘ఎన్’ లింకు దాటి లోపలికి పోకుండా ఆపుతుంది.

వరస గురించి తగువు అక్కర్లేదు. కాపీ చేసే ‘సీపీ’ ఎలాగో ఇదీ అంతే: ఉన్నది ముందు, పెట్టేది వెనక. పెట్టాక మాత్రం ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి, బాణం తర్వాతి దారిని లింకున్న చోట నిలబడి ఒకసారి చదువుకోండి. మీ బదులు ‘ఎల్ఎన్’ చదవదు.