ఆయిలు బాబాయ్

బెజవాడలో ఏ ఆదివారమైనా పొద్దున్నే మీ అపార్ట్‌మెంట్ పార్కింగులోకి దిగండి. లుంగీ మోకాళ్ల పైకి మడిచి, బండి పక్కన అట్టముక్క పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకున్న పెద్దమనిషి కనిపిస్తే యాక్సిడెంటని కంగారుపడకండి. ఆయన ఆయిలు బాబాయ్. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, ఆ పేరుతో అడిగితే వాచ్‌మన్‌ కూడా ఇల్లు చూపించలేడు.

ఉద్యోగం ఏదో ఆఫీసులో. అక్కడ ఆయన పెట్టిన ఫైలు కదలదు. ఇంట్లో రిమోటు ఆయన చేతికి రాదు. స్పానరు మాత్రం ఆయన తిప్పినట్టు తిరుగుతుంది. సరైన వైపు తిరిగిందా లేదా అన్నది తర్వాతి మాట. ఆయిలు దింపే డ్రెయిన్ బోల్టు ఇంజను అడుగున ఉండడం వల్ల, పైనుంచి చెయ్యి దూర్చి పట్టుకుంటే విప్పేవైపేదో బిగించేవైపేదో తారుమారవుతుంది. అందుకే ఆ అట్టముక్క, ఆ శయనం.

ఇంతకీ ఈ శ్రమంతా ఎందుకంటే, బాబాయ్ మెకానిక్కుని నమ్మడు. పాలవాణ్ణి నమ్ముతాడు, చిట్‌ఫండ్ వాణ్ణి నమ్మాడు (ఆ కథ పిన్నిగారి ముందు ఎత్తకండి), మెకానిక్కుని మాత్రం నమ్మడు. "డబ్బా లీటరు. మన వంద సీసీ బండికి పట్టేది అంతకంటే తక్కువ. మిగిలింది ఎక్కడికి పోయింది? అలా పది బళ్లవి కలిస్తే ఎంత?" ఈ లెక్క ఆయన లిఫ్టులో మొదలుపెడితే నాలుగో అంతస్తు వచ్చేదాకా నడుస్తుంది. మెకానిక్కుకి ఇవ్వాల్సిన వంద రూపాయల కూలి మిగిల్చానని పాకెట్ డైరీలో రాసుకుంటాడు. రింగు స్పానర్ల సెట్టు, గరాటు, చేతులకి వేసుకునే తొడుగులు, టార్క్ రెంచీ ఖరీదులు రాసిన పేజీ ఆ డైరీలో లేదు.

టార్క్ రెంచీకి ఒక చరిత్ర ఉంది. బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజను ఒళ్లు అల్యూమినియంది. ఉక్కు ముందు అల్యూమినియం మెత్తన. కారుతుందేమోనన్న భయంతో బాబాయ్ ఒకసారి పళ్లు బిగబట్టి మరో అరచుట్టు తిప్పాడు. కిర్రుమని మర ఊడిపోయింది. ఆ మర మళ్లీ వేయించడానికి బండి ఆటోనగర్ దాకా ట్రాలీ ఆటోలో వెళ్లింది. లేతు మిషను దగ్గరున్న కుర్రాడు "సొంతంగా మార్చారా సార్?" అని మాత్రమే అడిగాడట. ఆ ఒక్క ప్రశ్న బాబాయ్‌కి గుచ్చుకుంది. ఆ సాయంత్రమే రెంచీ కొన్నాడు. ఇప్పుడు అది టక్కుమనేదాకా బిగిస్తాడు. టక్కుమన్నాక పార్కింగులో ఉన్న అందరి వైపూ ఒకసారి చూస్తాడు.

చూసేవాళ్లు దొరికితే ఇక ఉపన్యాసమే. "10డబ్ల్యూ-30 అంటే ఏంటో తెలుసా?" అని మొదలెడతాడు. డబ్ల్యూ అంటే వింటరు. ముందున్న 10 చలిలో ఆయిలు ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్న 30 నూరు డిగ్రీల వేడి మీద ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ఆ 10డబ్ల్యూ ముద్ర రావాలంటే ఆయిల్ని సున్నాకి 25 డిగ్రీల కింద పరీక్ష పెడతారు. బెజవాడలో అంత చలి ఎన్నడొస్తుందని పక్క ఫ్లాటాయన అడిగితే, "రానీ, మనం సిద్ధంగా ఉండాలి కదా" అన్నాడు బాబాయ్.

నవ్వొద్దు, ఆయన చెప్పేదాంట్లో సరుకు లేకపోలేదు. కారుకి పోయగా మిగిలిన ఆయిలు బైకుకి పోయబోయిన కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపింది ఆయనే. మన గేర్ల బళ్లలో చాలావాటికి ఇంజనుకీ, గేర్లకీ, క్లచ్చుకీ ఒకటే ఆయిలు. క్లచ్చు పలకలు అందులోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిళ్లలో కొన్నిటికి మరీ నునుపు కోసం మందులు కలుపుతారు, అవి తగిలితే క్లచ్చు పట్టు వదిలి జారుతుంది. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ఉందా చూడమంటాడు. గేర్లు లేని స్కూటర్ల క్లచ్చు పొడిది కాబట్టి వాటికి ఎంబీ నడుస్తుంది. ఈ ముక్క ఆ కుర్రాడికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

అసలు ఘట్టం పాత ఆయిలు దిగేటప్పుడు. ముందుగా ఇంజను కాసేపు ఆన్‌లో ఉంచి గోరువెచ్చన చేస్తాడు, చల్లటి ఆయిలు అడుగున మడ్డిని వదిలిపెట్టి వస్తుందని. వంటనూనె అయిదు లీటర్ల క్యాను అడ్డంగా కోసిన తొట్టి కింద పెడతాడు. అది పిన్నిగారు పప్పులు పోసుకుందామని దాచుకున్న క్యాను. నల్లటి ధార పడుతుంటే అరిసెల పాకం చూసే అత్తగారిలా రెండు వేళ్ల మధ్య తీసుకుని రాస్తాడు, సాగదీస్తాడు, వాసన చూస్తాడు. నలుపైతే చెడిపోయిందనుకోడు. మసిని తనలో పట్టుంచుకోవడం ఆయిలు చేసే పనే. మెరిసే రజను కోసం వెతుకుతాడు. ఇనుము అరిగిందంటే అక్కడే తెలుస్తుంది. రజను కనబడకపోతే కొంచెం దిగులుపడతాడు కూడా.

లైటు పట్టుకునేది కొడుకు. ఇంజనీరింగు రెండో ఏడు, మెకానికలే. "ఇక్కడ పట్టరా అంటే అక్కడెందుకు పడుతున్నావు" అన్నది తప్ప తండ్రి దగ్గర వాడు నేర్చుకున్న విద్య మరొకటి లేదు.

ఇంత పద్ధతి ఉన్న మనిషికి ఒకే ఒక్క పిసినారితనం: వాషరు. బోల్టు కింద ఉండే ఆ అల్యూమినియం బిళ్ల ఒకసారి నలిగి అంటుకుంటేనే ఆయిలు కారకుండా ఆగుతుంది. ఆయిలు మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యాలి. అది వచ్చేది చిల్లర డబ్బులకి. వేలు పోసి రెంచీ కొన్న బాబాయ్ వాషరు మాత్రం తిరగేసి మళ్లీ వేస్తాడు. "రెండు మొహాలున్నాయి కదయ్యా!" దాంతో ఆయన బండి ఉండేచోట నేల మీద నల్ల మచ్చ, అసోసియేషన్ మీటింగులో అదే మొదటి అంశం.

దించిన ఆయిల్ని మాత్రం ఆయన కాలువలో పోయడు. వాడేసిన ఆయిలు 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. ఆ సంగతి ఆయనే సెక్రటరీకి చెప్పి, మచ్చ విషయంలో మాత్రం మౌనం వహించాడు. క్యాన్లలో పట్టి బాల్కనీలో తులసికోట పక్కన వరసగా పేరుస్తాడు. సెంట్రింగ్ పనివాళ్లు చెక్కలకి రాసుకుంటామని అడిగినా ఇవ్వలేదు. పాత ఆయిలు శుద్ధిచేసేవాళ్లకి చేర్చే బేరగాడు మెకానిక్కు షాపుకి వస్తాడు. అక్కడికి తీసుకెళ్లి ఇవ్వమంటే, మళ్లీ మెకానిక్కు మొహం చూడాలా అని ఆలోచిస్తున్నాడు.

ఏమాటకామాటే. ఆయన బండి పాతదే, పొగ రాదు, ఇంజనులో టపటప శబ్దం లేదు, వానాకాలంలో కూడా ఒక్క కిక్కుకి అందుకుంటుంది. మా అపార్ట్‌మెంటులో షోరూం సర్వీసుకి వెళ్లే బళ్లకి ఆ మాట చెప్పలేం. కాబట్టి మీ బండికి ఆయిలు మార్చిపెట్టమని ఆయన్ని ధైర్యంగా అడగొచ్చు, పైసా తీసుకోడు. వాషరు మాత్రం మీరే కొని పట్టుకెళ్లండి.