టులెట్ బోర్డుకు టీకా తాత్పర్యము

మూలము: టులెట్. సింగిల్ బెడ్‌రూమ్. చిన్న ఫ్యామిలీకి మాత్రమే. బ్యాచిలర్లు ఫోన్ చేయరాదు. రెండు నెలల అడ్వాన్స్. మంజీరా కలదు. ఓనర్ పైనే ఉంటారు.

అవతారిక: ఊరు విడిచి హైదరాబాదు చేరినవాడు మొట్టమొదట చదివే కావ్యమిది. చార్మినారు, గోల్కొండ తర్వాతి మాట. ఇమ్లీబన్‌లో బస్సు దిగి, తెలిసినవాడి గదిలో సంచి పడేసి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్నీ కాలినడకన తిరిగే ఆదివారం నాడు ఈ అట్టముక్క గేటుకు వేలాడుతూ కనబడును. కవి పేరు లేదు, ఫోన్ నంబరు కలదు. కావ్యాదిలో ఆశీస్సో, నమస్కారమో, వస్తునిర్దేశమో ఉండాలని పెద్దల మాట. ఈ కవి మొదటి రెంటి జోలికి పోలేదు.

ప్రతిపదార్థము: సింగిల్ బెడ్‌రూమ్ = మంచం వేసినచో తలుపు సగమే తెరుచుకొను గది; మాత్రమే = బతిమాలినను; పైనే = నెత్తిమీదనే.

విశేషములు: 'చిన్న ఫ్యామిలీ' అన్నచోట వ్యాఖ్యాతకు చెమటలు పట్టును. ఎంత చిన్నది? ఆలుమగలు, ఇద్దరు పిల్లలు అని ఓనర్ల సంప్రదాయం. పల్లెనుంచి వచ్చినవాడి కుటుంబం ఈ లెక్కకు లొంగదు. బాబాయికి గుండెలో నొప్పి వస్తే నిమ్స్‌లో చూపించేదాకా మకాం ఇక్కడే. మేనత్త కూతురికి పరీక్షా కేంద్రం పట్నంలో పడితే ముందునాటి రాత్రి పడక ఇక్కడే. సర్పంచి ఏ ఆఫీసు పనిమీదో వస్తే "మనోడిల్లుంది గదా" అనుకొని లాడ్జి మొగం చూడడు. కిరాయి కట్టేది ఒక్కడు, వాడుకునేది ఊరంతా. కవి ఇది ఎరుగని అమాయకుడు కాడు. పొద్దున పాల ప్యాకెట్‌కు దిగినప్పుడల్లా గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టిన అనుభవంతోనే 'చిన్న' అను విశేషణం వేశాడు. చుట్టాల చెప్పులు లోపల పెట్టించుట కిరాయిదారుల ప్రతివ్యూహం. ఆవకాయ జాడీతో పైకెక్కి ఓనరు ఆంటీని ప్రసన్నం చేసుకొనుట ఉపాయాంతరం. ఇది ఎక్కువ నమ్మదగినది.

'బ్యాచిలర్లు ఫోన్ చేయరాదు': సంబంధం చూడబోతే పిల్ల తండ్రి "పట్నంలో ఇల్లు తీసుకున్నాడా?" అనును. ఇల్లు చూడబోతే ఓనరు "పెళ్లయిందా?" అనును. ఇల్లు లేనిదే పెళ్లి లేదు, పెళ్లి లేనిదే ఇల్లు లేదు. దీనిని తార్కికులు అన్యోన్యాశ్రయ దోషమందురు. అమీర్‌పేటలో హాస్టలందురు.

అడ్వాన్స్ విషయమై, బెంగళూరు ప్రతులలో 'పది నెలల' అను పాఠం చిరకాలం చెల్లింది. మనకది అగ్రాహ్యం.

మరో పాఠాంతరం: కొన్ని ప్రతులలో 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని కలదు. కోడికూర వాసన గురించి కాబోలునని కొత్తవాడు అనుకొనును. గేటు దాటాక "మీరేమిట్లు?" అని అడుగుతారు. జవాబు నచ్చకపోతే, నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయారంటారు. ఊళ్లో వాడను వేరుచేసిన గీతే ఇది. ఇక్కడ హాస్యం పనికిరాదు గనుక ముందుకు పోవుదము.

'మంజీరా కలదు': 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) చాలక, 1965లో మంజీర నీళ్లు పట్నానికి తెచ్చారు. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చినా ఓనరు నోట నల్లాలో పడే ప్రతి బొట్టూ మంజీరే. ఆలంకారికులు దీనిని రూఢి లక్షణ అందురు. మూలంలో లేనిది రాయనని ప్రతినబూనిన మల్లినాథసూరి స్వస్థలంగా చెప్పుకునే కొల్చారం ఆ మంజీరకు దాపుననే ఉంది. ఆయన ప్రతిన మన్నిస్తూనే మూలంలో లేని ఒక్క మాట రాస్తాను. మంజీర మీది ఘనపురం ఆనకట్ట కింద రైతు, సింగూరు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని మడిగట్టు మీద కూర్చున్న ఏళ్లు ఉన్నాయి. విసిగి కొడుకును పట్నం పంపితే, వాడికి ఆ నీళ్లే రోజు విడిచి రోజు, కిరాయిలో భాగంగా దొరికాయి. నది ముందుగా వలస పోయింది, రైతు కొడుకు దాని వెనకాల పోయాడు.

'ఓనర్ పైనే ఉంటారు': పైవాడు అన్నీ చూస్తుంటాడని భావం. ద్వైతులకూ అద్వైతులకూ సమ్మతమే. అయితే ఈ పైవాడు స్వయంభువు కాడు. ముప్పై ఏళ్ల కింద కోదాడ వైపు నుంచి ట్రంకుపెట్టెతో దిగి, ఇలాంటి గేట్ల ముందే నిలబడి, చివరికి నూరు గజాలు కొని పైకెక్కినవాడు. ఆ సంగతి సంక్రాంతికి గాని బయటపడదు. పండుగ ముందురోజు బండ్లన్నీ విజయవాడ దారి పట్టి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరును. కారులోంచి ఓనరు ఫోను చేయును.

"తమ్మీ, మోటర్ బంద్ చేసినవా?"

"చేసిన అంకుల్," అనును, నాలుగు బండ్ల వెనక బస్సులో నిలబడినవాడు.