కాబోయే లీడరు

మాదాపూర్‌లో ఏ అద్దాల మేడ ఎక్కినా, అంతస్తుకొకడు చొప్పున ఇతగాడు తగులుతాడు. మెడలో ట్యాగు, చేతిలో ట్రైనింగులో ఇచ్చిన స్టీలు బాటిల్, మొహాన ఎవరి కష్టమో వింటున్నట్టు ఒక జాలి. అయిదేళ్ళ కిందట హెచ్ఆర్ వాళ్ళు తొమ్మిది గళ్ళ పటం ఒకటి గీసి, అడ్డంగా పనితనం, నిలువుగా ఎదిగే సత్తా కొలిచి, ఇతన్ని పైన కుడిచేతి చివరి గడిలో పెట్టారు. ఎవరికీ చెప్పొద్దన్నారు కనుక ఫ్లోర్ మొత్తానికి తెలుసు. పెళ్ళికొడుకుని చేసి, బుగ్గన చుక్క పెట్టి, పీటల మీద కూర్చోబెట్టేశారు. ముహూర్తమే ఇంకా ఖాయం కాలేదు.

అలాగని ఖాళీగా ఉంచరు. గొంతుల్లో హుషారు చాల్లేదని గుడ్ మార్నింగ్ మూడుసార్లు చెప్పించే కోచ్‌లు ఉంటారే, శామీర్‌పేట రిసార్టుల్లో వాళ్ళంతా ఇతన్ని పేరుపెట్టి పిలుస్తారు. 20 స్పఘెట్టి పుల్లలు, గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో ఇచ్చి 18 నిమిషాల్లో గోపురం కట్టమనే ఆటలో ఇతన్ని కొట్టేవాడు లేడు. బిజినెస్ స్కూలు కుర్రాళ్ళకన్నా కిండర్‌గార్టెన్ పిల్లలే ఎత్తుగా కడతారని కోచ్ చివర్లో విప్పే రహస్యం కూడా కంఠతా వచ్చు. అయినా ప్రతిసారీ నోరు తెరిచి ఆశ్చర్యపోతాడు. మర్యాదస్థుడు మరి.

ఎదుటివాళ్ళ మాట వినడం కూడా అక్కడే నేర్పుతారు. ఆ విద్య సీటు దగ్గర ఎలా పనిచేస్తుందో ఒకసారి చూశాను. కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "అన్నా, మా అక్క పెళ్ళి. నాలుగు రోజులు సెలవు కావాలి" అంది.

లాప్‌టాప్ మూసేశాడు. (మూయడం రెండో రోజు పాఠం.) కళ్ళలోకి చూస్తూ, "అంటే నీకు నాలుగు రోజులు సెలవు కావాలంటావ్" అన్నాడు.

"అదే కదన్నా నేనన్నది."

"అడగడానికి కాస్త ఇబ్బంది పడుతున్నావ్."

"ఇప్పటిదాకా పడలేదన్నా. ఇంతకీ సెలవిస్తారా?"

"ఇవ్వడానికి నేనెవర్ని? మేనేజర్‌గారిని అడుగు."

పాపం, ఇందులో అతని తప్పేం లేదు. నాయకత్వం 70 పాళ్ళు నెత్తిన పడ్డ పని చేస్తే, 20 పాళ్ళు పక్కవాళ్ళ దగ్గర, 10 పాళ్ళే క్లాసులో కూర్చుంటే వస్తుందని ఒక లెక్క ఉంది. అమెరికాలో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాళ్ళు 1980లలో చేసిన పరిశోధనలోంచి పుట్టింది. ఆ స్లైడు జూనియర్లకి చూపించేది ఇతనే. కంపెనీకి మాత్రం ఆ 10 పాళ్ళ మీదే మోజు. రిసార్టు బిల్లయితే ఒక్కసారి కట్టి ఊరుకోవచ్చు. టీమ్ అప్పజెపితే పెంచిన జీతం ప్రతినెలా ఇచ్చుకోవాలి.

మొన్న వాళ్ళ మేనేజర్ మానేశాడు. ఇంట్లో అత్తగారు కొబ్బరికాయ కూడా తెప్పించారు. "బయటి అనుభవం కావాలి" అని కంపెనీ ఇంకెక్కడినుంచో ఒకణ్ణి పట్టుకొచ్చింది. ఇతనికంటే నాలుగేళ్ళు చిన్న, ట్రైనింగు మొహం ఎరగనివాడు. అతనికి దగ్గరుండి పని నేర్పింది ఇతనే. ఆ కృతజ్ఞత కాబోలు, నెల తిరక్కుండానే కుర్ర మేనేజర్ "మీలో మంచి లీడర్ ఉన్నాడండీ" అని ఇతని పేరు మళ్ళీ ట్రైనింగుకి రాశాడు. ఈసారి మొయినాబాద్ వైపట. శనివారం ఆరింటికల్లా బస్సు.