నేను కాలమైన్ సీసాను

నేను కాలమైన్ లోషన్ సీసాను. నాలో ముఖ్యంగా ఉన్నది జింక్ ఆక్సైడ్. దానితో కలిసిన కాస్తంత ఐరన్ ఆక్సైడే నాకీ గులాబీ రంగునిచ్చింది. కదపకుండా ఉంచితే పొడి అడుక్కి దిగిపోయి నీళ్ళు పైకి తేలతాయి. అందుకే వాడేముందు నన్ను బాగా కుదపాలి.

విజయవాడలో నాకు గిరాకీ అంతా ఎండాకాలంలోనే. కృష్ణమ్మ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. రోహిణి కార్తె వచ్చిందంటే పసివాళ్ళ ఒంటిమీద చెమట ఆరదు. చెమట నాళాలు పూడుకుపోయి మెడ మడతల్లో, వీపున చెమటకాయలు లేస్తాయి. సింగ్‌నగర్‌లో నన్ను కొన్న ఇంట్లో చంటివాడికి అదే జరిగింది. అమ్మమ్మ నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టబోయింది.

"వద్దమ్మా! నూనె రాస్తే చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయట. సున్నిపిండి రుద్దితే చర్మం ఒరుసుకుపోతుంది" అని తల్లి ఆపింది.

పౌడరు డబ్బా కూడా పక్కన పెట్టేసింది. ఆ పొడి పసివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చల్లటి నీళ్ళతో ఒళ్ళు తుడిచి, తడి పూర్తిగా ఆరాక దూదితో నన్ను అద్దింది. నాలోని నీరు ఆవిరవుతుంటే చర్మం చల్లబడింది, పైన పలచటి గులాబీ పొర మిగిలింది. వాడు గోక్కోవడం మానేసి నిద్రపోయాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా కాలనీలను ముంచేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మురుగు కలిసిన ఆ నీళ్ళలో నానిన పిల్లల కాలివేళ్ళ సందులు తెల్లగా పాసిపోయాయి. పైఅరలో ఉండబట్టి నేను దక్కాను. మా ఇంటివాళ్ళు బంధువుల ఇంట్లో ఒకే పక్కమీద ఇరుక్కుని పడుకున్నారు.

కొన్ని వారాలకు చంటివాడి చేతివేళ్ళ సందుల్లో, నడుము దగ్గర సన్నటి పొక్కులు లేచాయి. రాత్రయితే ఒకటే దురద. తర్వాత అక్కకు, అమ్మమ్మకు కూడా అంటుకుంది. తల్లి నన్నే రాసింది. పగలు కాస్త ఊరట, రాత్రి మళ్ళీ అదే బాధ. అది గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దాన్ని చంపే శక్తి నాకు లేదు.

పిల్లల డాక్టరు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాశారు. దురద లేనివాళ్ళతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళదాకా రాసుకోవాలన్నారు. చంటివాడికి తలకు కూడా రాయాలి. పొద్దున్నే స్నానం చేసి, వారం తర్వాత మళ్ళీ రాసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. పురుగు చచ్చినా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. అప్పుడు మళ్ళీ నా అవసరం పడింది.

అమ్మలారా, దురదను తగ్గించడం వరకే నా పని. జబ్బు ఏదో తేల్చాల్సింది డాక్టరే. దురద రాత్రిపూట పెరిగినా, ఇంట్లో ఇద్దరికి వచ్చినా, పొక్కుల్లో చీము పట్టినా, జ్వరం తగిలినా నన్ను నమ్ముకుని కూర్చోకండి. తామరకు స్టిరాయిడ్ కలిసిన ట్యూబు సొంతంగా కొనితెచ్చి రాయకండి. దురద తగ్గినట్టే ఉంటుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. బిడ్డను డాక్టరుకు చూపించండి.