తాళం ఆపలేని నీళ్లు

నేను ఇనప బీరువాని. మా ఇల్లాలి పెళ్లికి సారెతో పాటు పుట్టింటివాళ్లు పంపారు. ఎన్ని అద్దె ఇళ్లు మారామో, అన్ని గుమ్మాల సొట్టలూ నా ఒంటిమీద ఉన్నాయి. గోడలు ఎవరివైనా నా అరల్లో ఉన్నది మాత్రం వాళ్ల సొంతం. పై అరలో పట్టుచీరలు, మధ్యలో ఆయన బట్టలు, కింద పాప పదో తరగతి మెమో ఉన్న ఫైలు, లోపలి లాకర్లో గొలుసు, జత గాజులు, చీటీ పాడిన డబ్బు. రోజూ పడుకోబోయే ముందు ఆమె తాళం తిప్పి, హ్యాండిల్ లాగి చూసుకునేది. దొంగ భయం తప్ప మాకు వేరే భయం తెలియదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్‌ని నీళ్లు ముంచేశాయి. మాది నేల అంతస్తు. మంచం లేచింది, ఫ్రిజ్ తేలిపోయి వంటింటి తలుపుకి అడ్డం పడింది. పాపని తీసుకుని వాళ్లు మేడమీదికి పోయారు. అదే మేలు. నేను మాత్రం రోజుల తరబడి మురుగులో నిలబడ్డాను. నీళ్లకి తాళంతో పనేముంది? సందుల్లోంచి దూరి, అర తర్వాత అర ఎక్కాయి.

నా తలుపు గునపంతో తెరవాల్సి వచ్చింది. చీరల రంగులు ఒకదానికొకటి అంటుకున్నాయి, జరీ నల్లబడింది, మెమో ముద్దయింది. ఆమె ఏడవలేదు. ఏ చీర ఎవరు పెట్టారో చెబుతూ ఒక్కొక్కటే బయట వేసింది. అది వినడం నాకు పట్టిన తుప్పుకన్నా బాధ.

మునిగిన నేల అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. కాస్త ఊపిరి ఆడింది. ఓనరుగారికి ఇంటి బీమా ఉండటంతో సర్వేయరు వచ్చి గోడలూ వైరింగూ ఫొటోలు తీసుకున్నాడు. “మరి మా సామానో అండీ?” అంది పాప. “ఆయన పాలసీ బిల్డింగుకేనమ్మా. అద్దెకున్నవాళ్లు సామానుకి విడిగా తీసుకోవచ్చు” అన్నాడు.

ఈ మాట మా వీధికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ ఇస్తున్నాయి. సొంతిల్లు లేనివాళ్లు ఇంట్లో సామాను వరకే తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, తుపాను, వరద అన్నీ అందులో ఉన్నాయి. సామాను విలువ కాస్త తక్కువ రాయించామని నష్టంలో కోత వేయరు, రాయించిన మొత్తం దాకా ఇస్తారు. అయితే నా లోపల ఉన్నవన్నీ దాని కిందికి రావు. నగలని అడిగి విడిగా చేర్పించుకోవాలి. నోట్లకీ సర్టిఫికెట్లకీ రక్షణ లేదు. దొంగతనం కూడా, వరదలాంటి ఆపద వల్ల, అది వచ్చిన ఏడు రోజుల్లోపు జరిగితేనే లెక్కలోకి వస్తుంది. మామూలు రోజుల దొంగకి వేరే పాలసీ కావాలి.

ఇప్పుడు మాకు పాలసీ ఉంది. పాప నా తలుపులు బార్లా తీసి ప్రతి అరనీ ఫొటో తీసింది, బిల్లులతో కలిపి మెయిల్లో దాచింది. చీటీ డబ్బు బ్యాంకులో వేశారు. తుప్పు తినేసిన నా కాళ్ల కింద ఇటుకలు పెట్టారు.

నెలాఖరుకి మళ్లీ ఇల్లు మారుతున్నాం. పాలసీలో ఇంకా పాత ఇంటి నంబరే ఉంది. ట్రాలీ ఆటో మాట్లాడే ముందు కొత్త అడ్రసు కంపెనీవాళ్ల చేత రాయించమని ఆమె పొద్దుటి నుంచి ఆయన్ని తొందరపెడుతోంది.