‘ఏమైన నడుగవలసియున్నదా?’ అని యడిగినవారికి

మహారాజశ్రీ ఇంటర్వ్యూ సంఘాధ్యక్షులవారి సముఖమునకు,

రాజపాళయ వాస్తవ్యుడగు ఒక ఉద్యోగార్థి సవినయముగా వ్రాసికొను బహిరంగ విన్నపము.

అయ్యా, మొన్న తాము నన్నెదుట గూర్చుండబెట్టుకొని, సింగరాజకోటవాడవా పాతపాళెమువాడవా, తాతగారెవరు, పెండ్లియైనదా, ఇంట తెలుగు మాటలాడి బడిలో అరవము చదివినవాడవు ఇంగ్లీషున ఉత్తరములు వ్రాయగలవా యని చాలసేపు విచారించి, తుదకు నా కాగితములను మడచి పెట్టుచు, ‘నీవేమైన నడుగవలసియున్నదా?’ యని సెలవిచ్చితిరి. అది ప్రశ్నయే యని నమ్మి నేను నాలుగు సంగతు లడిగితిని: రాత్రి షిఫ్టు ఎన్నాళ్ళకొకమారు వచ్చును, ట్రైనింగు ముగిసిన పిదప జీతమెంత, నేనెవరి క్రింద పనిచేయవలెను, ఇంతకు ముందీ కుర్చీలో గూర్చున్నవారేల మానిరి. మొదటి మూడింటికి తాము నవ్వితిరి. నాలవదానికి నవ్వుట మానితిరి.

అభ్యర్థి ప్రశ్నించుట అవినయమని తమ యభిప్రాయమైనచో, కిష్కింధాకాండమును స్మరింప బ్రార్థించుచున్నాను. సుగ్రీవుడు పంపగా భిక్షురూపమున వచ్చిన హనుమంతుడు, తా నెవరికి జీవితాంతము సేవచేయనున్నాడో ఆ రామచంద్రునే, మీరెవరు, ధనుర్బాణములు ధరించి యీ యడవికేల వచ్చితిరని వరుసగా బ్రశ్నించెను. రాముడు ‘మమ్మడుగుటకు నీవెవ్వడవు’ అని కినియక, వేదములు నేర్చి వ్యాకరణము క్షుణ్ణముగా జదివినవాడు గాని యిట్లు పలుకజాలడని లక్ష్మణునితో బ్రశంసించెను. సేవకుని యోగ్యత ప్రభువునకు దెలిసినది వాని జవాబులవలన గాదు, ప్రశ్నలవలననే.

పురాణము చాలనిచో చట్టమును జూడుడు. 1946లో జేయబడి 2025 వరకు అమలులోనుండిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టము, నూరుగురు గాని అంతకు మించి గాని కార్మికులుగల సంస్థలలో షిఫ్టులు, పనివేళలు, జీతము బట్వాడా, సెలవులు, తొలగింపు మొదలగు నియమములను ఆంగ్లమునను, కార్మికులలో నధికసంఖ్యాకులు ఎరిగిన భాషయందును ద్వారసమీపమున బ్రకటింపవలెనని శాసించినది. వాకిట గోడ చెప్పవలసియుండిన దానిని లోపల నోరు చెప్పరాదా?

ఇది యొక్కనికి సంబంధించిన గోడు గాదు. 1936లో పి.ఏ.సి. రామసామిరాజుగారు నూలుమిల్లు స్థాపించిన నాటినుండి ఈ యూరివారి కడుపులు చాలవరకు నూలుతోను, ప్రక్కనున్న సత్రపట్టి మగ్గములపై నేయు బ్యాండేజీ గుడ్డతోను ముడిపడియున్నవి. కావున తమవంటివారి గదియెదుట బల్లపై గూర్చుండి పిలుపునకై నిరీక్షించుట యిచ్చట తరతరముల యనుభవము. ముందుగా నడిగి తెలిసికొనుటయు నిచ్చటి వాడుకయే. 2005లో తపాలాశాఖవారు బిళ్ళపై ముద్రించిన మా యూరి తెల్లకుక్క సంగతియే చూడుడు. కుక్కపిల్లను అమ్మువాడు, కొనవచ్చినవానిని పెరడెంత, పగలెల్ల గొలుసున గట్టెదవా, ఏమి పెట్టెదవని యడిగి గాని చేతికీయడు. దానికి మాట రాదు గనుక దాని పక్షమున నొకడడిగెను. నాకు మాట వచ్చును గనుక నేనే యడిగితిని.

పని యింకను దెలియకమునుపే పండుగ సెలవుల లెక్క తీయువారును మాలో నున్నారని యొప్పుకొందును. వారి ప్రశ్నయైనను తమకు లాభమే. మనిషి యెట్టివాడో దానివలననే తెలియునుగదా. ఏమియు నడుగక తలయూపి చేరినవాడు, పనితీరు దెలియగానే మరునెలలో మానిపోయినచో, తాము మరల ప్రకటన వేయింపవలెను, మరల నింకొకని తాతగారి పేరడుగవలెను.

కావున నా ప్రార్థన స్వల్పము. ‘నీవేమైన నడుగవలసియున్నదా?’ యను వాక్యమును కాగితములు మడువక మునుపే పలుకుడు, పలికినచో ప్రత్యుత్తరమిండు, ముఖ్యముగా పూర్వోద్యోగి యేల మానెనో దాచకుడు, ఏలయనగా ఆ సంగతి సాయంకాలము టీకొట్టువద్ద నాకెట్లును దెలియును. ఇవి యేవియు సాధ్యము గానిచో, ‘ఇక వెళ్ళిరమ్ము’ అని తిన్నగా సెలవిండు, నమస్కరించి లేచెదను.

ఇట్లు,
ఉద్యోగమునకు గాకున్నను ఉత్తరమునకు నెదురుచూచు
ఒక అభ్యర్థి, రాజపాళయము.